చిన్నక్క వేసిన ఒట్టు

బడుల్లో పిల్లల మనసు బాగోగులు చూసే బృందానికి ఆమె పెద్ద. పిల్లలు ఆమెను పెద్దక్క అంటారు. టీచర్లకూ అదే అలవాటైంది. చివరికి జీతాల ఆఫీసులో గుమాస్తా కూడా ఫోన్ చేసి, "పెద్దక్కగారేనా అండీ?" అని అడుగుతాడు. అసలు పేరు ఆమె సంతకంలో తప్ప ఎక్కడా మిగల్లేదు.

లెక్కల టీచరుగా మొదలుపెట్టిన మనిషి. బాగా చదివే పిల్ల ఒకతె ఉన్నట్టుండి తెల్ల కాగితం ఇచ్చి పరీక్ష హాల్లోంచి వెళ్లిపోతే, అందరూ దాన్ని పొగరన్నారు. ఈమె మాత్రం దాని పక్కన కూచుని, సంగతేమిటే అని అడిగింది. అడిగాక తెలిసిందేమిటంటే, వినడం ఒక విద్య అని, అది తనకు రాదని. అంతే, ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక మళ్లీ కాలేజీలో చేరింది. తన కొడుకు ఈడు వాళ్ల మధ్య కూచుని మనస్తత్వశాస్త్రం పరీక్షలు రాసి, వాళ్లందరికంటే ముందు నిలబడింది. అది మామూలు సంగతి కాదు.

ఆ తర్వాత ఆమె చేసినవన్నీ చెప్పుకుంటూ పోతే పొద్దు చాలదు గానీ, కొన్నైనా చెప్పాలి. పిల్లలతో మాట్లాడేందుకు విరిగిన బెంచీలు పడేసే గదిని అడిగి తీసుకుని సున్నం వేయించింది. మాట్లాడుతున్నంతసేపూ పిల్లల చూపు అటే పోతోందని గోడ గడియారం తీయించింది. కుర్చీలు ఎదురెదురుగా వేస్తే పోలీసుస్టేషనులా ఉందని పక్కపక్కకు తిప్పింది. లోపలికెళ్లేవాళ్లకేదో జబ్బనుకుంటారని తలుపు మీది బోర్డు పీకించింది. అన్నిటికంటే పెద్ద పని, హెడ్మాస్టరు మైకులో పేర్లు పిలిచి పిల్లల్ని ఆ గదికి పంపడం మాన్పించడం. దాని బదులు హాజరుపట్టీ వరసలో ప్రతి ఒక్కరూ ఒకసారి వచ్చి కాసేపు కూచుని పోవాలని పద్ధతి పెట్టింది. అందరూ వస్తారు కాబట్టి ఎవరికి నిజంగా అవసరమో మిగతావాళ్లకు తెలియదు. ఇప్పుడు పట్టణంలో ప్రభుత్వ బడులన్నిటా అదే పద్ధతి. అబద్ధమైతే ఎవరైనా వెళ్లి చూసుకోవచ్చు.

ఇంట్లో మాత్రం ఈ గొప్పలేవీ చెల్లవు. "ఊళ్లో పిల్లల మనసులన్నీ నీకు తెలుసు. వంటింట్లో ఉప్పు నిండుకుందన్న సంగతి తెలియదు," అంటుంది అత్తగారు.

"ఉప్పు వచ్చి నాతో చెప్పుకోలేదత్తయ్యా," అంటుంది ఈమె.

బృందంలో కొత్తగా చేరినవాళ్లకు ఆమె మొదటి రోజే నేర్పేది ఒకటుంది. గదిలో విన్నది గది దాటదు, ప్రాణం మీదికొచ్చే సంగతైతే మాత్రం దాటుతుంది. ఈ రెండు ముక్కలూ పిల్లలు నోరు విప్పకముందే వాళ్లతో చెప్పాలి. మొదటిది చెప్పి రెండోది మింగేస్తే మోసం చేసినట్టే.

అందరికంటే చిన్నది, పిల్లలు చిన్నక్క అని పిలిచేది, సరిగ్గా ఆ రెండోదే మింగేసింది.

ఆ రోజు మధ్యాహ్నం బెల్లు కొట్టగానే వచ్చి, "అక్కా, వెధవ పని చేశాను," అంది.

"ఎవరి విషయంలో?"

"తొమ్మిదో తరగతి అమ్మాయి. బతకాలని లేదంటోంది."

పెద్దక్క చేతిలో గ్లాసు కింద పెట్టింది. "ఇప్పుడెక్కడుంది?"

"డ్రాయింగ్ మేడం పక్కన కూచోబెట్టి వచ్చాను. ఒంటరిగా వదల్లేదు."

"అదొక్కటీ సరిగ్గా చేశావు. ఇక చెప్పు."

"పొద్దున లేవాలంటేనే ఏడుపొస్తోందట. కారణం అడిగితే ఏమీ లేదంటోంది. ఎవరికీ చెప్పనని ఒట్టేస్తేనే చెప్తానంది. వేశాను."

"దేని మీద?"

"మా అమ్మ మీద."

పెద్దక్క నుదురు కొట్టుకుంది. "ఇంత శిక్షణ పొంది, చివరికి మీ అమ్మే దొరికిందా తల్లీ? ఆవిడేం పాపం చేసింది?"

"వేళాకోళం వద్దక్కా. ఇప్పుడు వాళ్లమ్మకు చెప్తే ఆ పిల్ల మళ్లీ మన మొహం చూడదు."

"చెప్పకపోవడమన్నది లేదు. ఆ ఒట్టు తీసి గట్టున పెట్టు. ఎలా చెప్పాలన్నదే ఆలోచించాలి."

చెప్పడం పెద్ద పనేం కాదు, ఒక్క ఫోను. కానీ తన మాట తన వెనకాల చేతులు మారిందని ఆ పిల్లకు తెలిస్తే, రేపు మళ్లీ ఆ ఆలోచన వచ్చిననాడు ఎవరితోనూ అనదు. పెద్దక్కకు భయమల్లా అదే.

సంగతి వాసన పట్టిన హెడ్మాస్టరు వరండాలోనే ఆపాడు. "పేరు చెప్పండి మేడం. తల్లిని పిలిపించి నేను గట్టిగా మాట్లాడతాను."

"గట్టిగా వద్దనే సార్, మిమ్మల్ని ఆగమంటున్నాను. ఒక పాపకు బాగోలేదు, మేం పక్కనే ఉన్నాం. ముందు వాళ్లమ్మకు తెలియాలి. సాయంత్రానికల్లా మీకూ చెప్తాను."

ఆయన గొణుక్కున్నాడు గానీ దారి వదిలాడు. ఆమెతో వాదించి గెలిచినవాడు ఆ బడిలో లేడు.

అమ్మాయిని గదికి తీసుకొచ్చాక పెద్దక్క ఒక పక్కన కూచుంది. నోరు విప్పాల్సింది చిన్నక్కే అని ముందే తేల్చి చెప్పింది.

"నేను ఇవ్వకూడని మాట ఇచ్చాను," అంది చిన్నక్క. "నీ ప్రాణానికి సంబంధించింది దాచే హక్కు నాకు లేదు. ముందే చెప్పాల్సింది. చెప్పలేదు. తప్పు నాది."

అమ్మాయి సంచీ భుజాన వేసుకుని లేచింది. "మీరంతా ఒకటే."

ఎవరూ అడ్డం వెళ్లలేదు. పెద్దక్క కూచున్నచోటే కూచుని అంది: "మీ అమ్మకు ఇవాళ తెలియాలి. అది నీ చేతుల్లో లేదు, నా చేతుల్లోనూ లేదు. ఎవరు చెప్పాలి, ఎక్కడ చెప్పాలి, అది మాత్రం నీ ఇష్టం."

అమ్మాయి తలుపు దాకా వెళ్లి ఆగింది. "అమ్మ మిషను కుడుతున్నప్పుడు. అప్పుడైతే నా మొహంలోకి చూడదు."

"ఎవరు చెప్పాలి?"

గడ్డంతో చిన్నక్కను చూపించింది. "ఆవిడే. ఒట్టేసింది ఆవిడేగా!"

తల్లిది యూనిఫాంలు కుట్టే చిన్న కొట్టు. నేల నిండా నీలం గుడ్డపీలికలు. ముగ్గురూ ఒకేసారి లోపలికి రావడం చూసి ఆమె లేవబోయింది. "కుట్టుకోండమ్మా, కుడుతూనే వినండి," అంది పెద్దక్క. చిన్నక్క ఒక్క ముక్క వదలకుండా చెప్పింది. సగంలోనే మిషను ఆగిపోయింది.

"ఏం తక్కువ చేశానే నీకు?" అంది తల్లి.

అమ్మాయి వీధివైపు తిరిగింది.

"అది భయంతో వచ్చిన మాటమ్మా," అంది పెద్దక్క. "మీరు అడగాలనుకున్నది ఇంకోటి ఉంది. అది అడగండి."

తల్లి చేతిలో గుడ్డ నలిగి ఉండ అయింది. "ఎప్పట్నుంచే?"

"చలికాలం నుంచి."

"బద్ధకమనుకున్నాను. రోజూ దుప్పటి లాగేసేదాన్ని."

"అవును, లాగేసేదానివి," అంది అమ్మాయి. కానీ ఈసారి ఇటు తిరిగి అంది.

పెద్దక్క అక్కణ్నుంచే డాక్టరుకు ఫోన్ చేసి పొద్దున్నకు సమయం తీసుకుంది. తానూ వస్తానంది. ఇంట్లో మందులేవైనా ఉంటే తాళం వేసి ఉంచమని, ఈ రాత్రి పిల్లను ఒంటరిగా వదలొద్దని తల్లికి చెప్పింది. తల్లి అన్నిటికీ తలూపి, కొట్టు మూస్తూ పెద్దక్కను పక్కకు పిలిచింది.

"మేడం, రాత్రి దాని పక్కన పడుకుంటే కోప్పడుతుందేమో. దాని గదిలోకి నన్ను రానివ్వదు."

"నన్నెందుకడుగుతారు? దాన్నే అడగండి."

తల్లి కూతురి దగ్గరికి వెళ్లి, పరాయి ఇంటి పిల్లను అడిగినట్టు అడిగింది.

అమ్మాయి సంచీ ఇంకో భుజానికి మార్చుకుంది. "గురక పెట్టకూడదు మరి."

"పెట్టను."

"పెడతావు," అంది అమ్మాయి, షట్టరు కొస ఒకటి తాను పట్టుకుని కిందికి లాగుతూ.