మునియమ్మకి వేసిన కుర్చీ

చికోరీ కలిపిన కాఫీ వాసన ఎక్కడ తగిలినా నాకు నోరూరడానికి ముందు అనుమానం ఊరుతుంది. ఫ్రెంచివాళ్ళు మూటాముల్లె సర్దుకుంటూ పుదుచ్చేరిని ఇండియాకి అప్పజెబుతున్న ఏళ్ళలో పెరిగిన ప్రాణం మరి. వీధిలో ఇద్దరు నవ్వుకుంటే మూడోవాడు కిటికీ మూసేవాడు. మా నాన్న ఫ్రెంచి ఆఫీసులో గుమాస్తా. ఆ ఉద్యోగం కొత్త ప్రభుత్వంలో నిలుస్తుందో లేదోనని, చేపల వేపుడు వాసనా ఉప్పుగాలీ కలిసి వీచే సాయంత్రాల్లో పెద్దవాళ్ళు గుసగుసలాడుకునేవాళ్ళు. నాకు అందులో 'గుస' మాత్రమే అర్థమయ్యేది.

అప్పుడే యానాం నుంచి బదిలీ మీద వచ్చిన ఆఫీసరొకాయన మా మేడమీద అద్దెకి దిగాడు. మా అంట్లు తోమే మునియమ్మే ఆయనకీ తోమేది. ఆమె కాఫీకి మా పెరటి గోడ మీద సత్తుగ్లాసు వేరే బోర్లించి ఉండేది. అవ్వ తగలకుండా ఎత్తి పోస్తే, నిలబడి పట్టుకునేది. ఆయనేమో తను తాగే ఇత్తడి గ్లాసులోనే పోసి, కుర్చీ వేసి, "కూర్చుని తాగండమ్మా" అన్నాడట. మా అవ్వకి నిద్ర పట్టలేదు. పనిమనిషికి కుర్చీ వేసేవాడు ఊరికే వేస్తాడా, నాన్న ఎవరి పక్షమో కూపీ లాగడానికి కాకపోతే?

"ఏంది మునీ, ఏం అడిగినాడు?"

"మోకాలి నొప్పి తగ్గిందా అని, అంతే పెద్దమ్మా."

"మోకాలా?" అవ్వ అనుమానం మోకాలి నుంచి నడుం దాకా పాకింది.

మర్నాడు అవ్వ పైఎత్తు వేసింది. మా మంచి గ్లాసులో చిక్కటి కాఫీ కలిపి, పీట వాల్చి, "కూర్చో మునీ" అంది, ఎన్నడూ లేనంత తియ్యగా. మునియమ్మ గ్లాసు ముట్టలేదు. పీటనీ అవ్వ మొహాన్నీ మార్చి మార్చి చూసి, "నన్ను పనిలోంచి నిలిపేస్తా ఉండారా?" అంది. కొంగుకి చేతులు తుడుచుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాత మేడమెట్లు ఎక్కేదే గానీ మా గడప తొక్కలేదు.

అవ్వకి ఇంకా భయం పట్టుకుంది. మన గుట్టంతా తెలిసిన మనిషి ఇప్పుడు పూర్తిగా ఆయన మనిషి. నన్ను వెంటేసుకుని, వలలు ఆరేసిన ఇసుకలో నడిచి, మునియమ్మ ఉండే కురుచికుప్పం పోయింది. మునియమ్మ చాప పరిచి, పక్కింటి నుంచి గ్లాసు అడిగి తెచ్చి, కాఫీ ఇచ్చింది. అవ్వ ఆ గ్లాసులోకి చాలాసేపు చూసి, గుక్క తిప్పుకోకుండా తాగేసింది.

"రేపట్నుంచి రా."

"ఏ గ్లాసులో పోస్తారు పెద్దమ్మా?"

అవ్వ నా చెయ్యి పట్టుకుని లేచింది. మునియమ్మ రాలేదు.

ఇప్పుడక్కడ ఆ మేడా లేదు, పెరడూ లేదు, మా వాళ్ళెవరూ లేరు. నాన్న ఉద్యోగం మాత్రం ఆనాడు నిలిచింది. మునియమ్మ మా గురించి పైన ఏం చెప్పి ఉంటుందోనని అవ్వ పోయేదాకా ఆరా తీస్తూనే ఉంది. ఏమీ చెప్పలేదేమోనన్న ఒక్క సంగతే ఆవిడకి నమ్మబుద్ధి కాలేదు.