వేలి కింద చిన్న గట్టు

మా టైపు మాస్టారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున నేను చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని ఎవరిదో మోకాలి ఆపరేషన్ రిపోర్టు టైప్ చేస్తుంటే మాస్టారి ఇంటావిడ ఫోన్ చేసింది. ఆవిడను నేను పిన్నీ అని పిలుస్తాను. "మ్మే, మీ మాస్టారు టీ తాగి పడుకున్నారు. మళ్లీ లెయ్యలా" అన్నది. ఆవిడ ఏడవలేదు. నేనే ఏడ్చాను.

ఈ కాలంలో టైపు మాస్టారేమిటని చదివేవాళ్లకు అనిపించవచ్చు. కావలి స్టేషను రోడ్డులో ఆయన ఇన్‌స్టిట్యూట్ మూతపడి చాలా ఏళ్లయింది. నేను ఆఖరి బ్యాచిలో నేర్చుకున్నదాన్ని. నా తర్వాత ఒకే ఒక్కరు చేరారని, ఆ ఒక్కరూ వారానికే మానేశారని ఆయనే చెప్పి నవ్వేవారు. నలభై ఏళ్లు ఆ మిషన్ల మోతలో కూర్చుని రెండు చెవులూ పోగొట్టుకున్నారు. మన పెదాలు చూసి మాట పట్టుకునేవారు. పట్టుకోలేకపోతే తనకు నచ్చిన మాట తీసుకుని దానికే జవాబు చెప్పేవారు. దీని మీద ఆయనతో ఎన్నిసార్లు పోట్లాడానో లెక్కలేదు, గెలిచింది మాత్రం ఒక్కసారీ లేదు.

పాప పుట్టాక నాకు ఆయన అవసరం మళ్లీ పడింది. మా ఆయన పొద్దున్నే రొయ్యల చెరువుల మీదికి పనికి పోతాడు. మాది ఒకటే గది. ఇంట్లో ఉండి చేసుకోగలిగిన పని అదృష్టం కొద్దీ దొరికింది. డాక్టర్లు నోటితో చెప్పింది రికార్డు చేసి పంపుతారు, నేను విని టైప్ చేసి పంపాలి. పాప నిద్రపోయినప్పుడే పని సాగాలి. నా పాత మెకానికల్ కీబోర్డుకేమో నోరెక్కువ. దాని మీద రెండు వాక్యాలు కొట్టేసరికి పాప లేచి కూర్చునేది. పోనీలే అని చప్పుడు లేని మామూలు రబ్బరు కీబోర్డు తెచ్చుకున్నాను. పాప హాయిగా పడుకుంది. కానీ దాని మీద కీ పడిందో లేదో వేలికి తెలిసేది కాదు, అక్షరాలు ఎగిరిపోయేవి. ఒకరోజు మందు మోతాదులో ఒక సున్నా పడలేదు. పైన సరిచూసే ఆవిడ పట్టుకుంది కాబట్టి సరిపోయింది. "ఇంకొక్కసారి ఇట్టాంటిది జరిగితే నీకు ఫైళ్లు పంపలేనమ్మా" అన్నది. మంచి మనిషే, కోపంగా కూడా అనలేదు. అందుకే నాకు ఎక్కువ భయం వేసింది.

పాపను చంకనేసుకుని, రెండు కీబోర్డులూ సంచిలో పెట్టుకుని మాస్టారి దగ్గరికి పోయాను. ఆయన ఆ రబ్బరు కీబోర్డు మీద పది వేళ్లూ పెట్టి ఒకసారి అటూ ఇటూ నడిపారు.

"ఇది కీబోర్డు కాదు మ్మే, సాంబార్లో నానిన ఇడ్లీ" అన్నారు.

తర్వాత నా వేలు పట్టుకుని పాత కీబోర్డు మీద ఒక కీని మెల్లగా నొక్కించారు. "సగం దారిలో చిన్న గట్టు తగల్లా? ఆ గట్టు దాటితే అక్షరం పడినట్టు. కన్ను చూడక్కర్లా, చెవి వినక్కర్లా. వేలికి గట్టు ఉంటే చాలు, చప్పుడు మనకెందుకు?"

గట్టు ఉండి చప్పుడు లేని కీలు ఉంటాయని నాకు తెలియదు. నా కష్టం పిన్నితో ముందే చెప్పుకున్నాను కాబట్టి ఆయన అప్పటికే ఫోనులో చూసి పెట్టుకున్నారు. కీబోర్డులో ఒక్కో కీ కింద ఒక్కో చిన్న స్విచ్చి ఉంటుంది. విప్పితే లోపల ఒక స్ప్రింగు, పైకీ కిందికీ ఆడే ఒక కాడ. ఆ కాడ పక్కన బొడిపె ఉంటుంది, అదే ఆయన చెప్పిన గట్టు. కాడ కొసలకు మెత్తటి రబ్బరు తొడిగితే చప్పుడు చచ్చిపోతుంది. మూడు రకాలు, రకానికి నాలుగేసి చొప్పున కొరియర్‌లో తెప్పించారు. కాడలూ స్ప్రింగులూ వంటింటి పళ్లెంలో పోసుకుని కూర్చున్నారు. పిన్ని ఆ పళ్లెం మీద ఆశ వదులుకుంది.

"వేళ్లు నావి, చెవులు నీవి" అని పని పంచారు. మొదటి రకంలో నాకు చప్పుడే వినపడలేదు. ఆయన మాత్రం పెదవి విరిచారు. "ఇది గట్టు కాదు, గీత" అన్నారు. రెండో రకంలో గట్టు బాగానే ఉంది గానీ అడుగున రబ్బరు మరీ మందం. "దాటినాక బురదలో దిగినట్టుండాది" అన్నారు. మూడోది ఆయనకు నచ్చింది. నాకే నచ్చలేదు. వేలు తీసేటప్పుడు స్ప్రింగు సన్నగా మోగుతోంది.

"నాకేం వినపళ్లేదే" అన్నారు.

"మీకు రైలు కూత కూడా వినపడదు మాస్టారూ" అన్నాను. పిన్ని వంటింట్లోంచి పకపకా నవ్వింది.

ఆయన నవ్వలేదు. పరీక్షకని స్విచ్చిలు బిగించుకున్న చిన్న పలకను గడ్డం ఎముకకు ఆనించుకుని, కళ్లు మూసుకుని ఒక్కో కీ నొక్కి వదిలారు. చాలాసేపటికి కళ్లు తెరిచి, "నిజమే మ్మే. లోపల మూలుగుతా ఉండాది" అన్నారు. తన చెవులు పోయాయని ఆయన దిగులుపడగా నేను చూడలేదు. ఆ రోజు మాత్రం గడ్డానికి వినపడిందని చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు.

ఆ మూడో రకమే కీబోర్డు నిండా సరిపడా తెప్పించి, అన్నీ విప్పి, మూలుగు పోయేలా బాగుచేస్తానన్నారు. అక్కడే ఆయన చెయ్యి ఆయన్ను మోసం చేసింది. నలభై ఏళ్లు వారం వారం టైపు మిషన్లకు నూనె వేసిన చెయ్యి అది. పొడుగు ముక్కు నూనె డబ్బా తీసి స్విచ్చికో చుక్క వేసి, నా పాత కీబోర్డులో బిగించేశారు. ఇంటికి తెచ్చుకుని కొడితే ఆ పూట అమృతంలా ఉంది. మర్నాటికి లోపలి రబ్బరు ఉబ్బిపోయి, నొక్కిన కీ నొక్కినట్టే ఉండిపోయింది. ఎదురుగా ఫైళ్లు గుట్టపడి ఉన్నాయి. కోపం ఆపుకోలేక కీబోర్డు ఆయన ముందు పెట్టి, "చూడండి మీ నిర్వాకం" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను కుట్టేస్తూనే ఉంది.

ఆయన నా పెదాలు చదివారు. ఈసారి వేరే అర్థం తీసుకోలేదు. "నలభై ఏళ్ల చెయ్యి మ్మే. నూనె డబ్బా చూస్తే ఆగలేదు. తప్పు నాదే" అన్నారు. గురువు శిష్యురాలికి అట్లా చెప్పడం నేను అంతకు ముందు వినలేదు. వెంటనే కొత్తవాటికి ఆర్డరు పెట్టారు. అవి వచ్చేదాకా మమ్మల్ని తమ ఇంటికే రమ్మన్నారు. పెరటి వసారాలో పిన్ని పాపను ఒళ్లో పడుకోబెట్టుకుంటే, ముందుగదిలో తలుపులు మూసుకుని నేను పాత స్విచ్చిలే మళ్లీ బిగించిన ఆ నోరున్న కీబోర్డు మీదే ఫైళ్లు పూర్తిచేశాను.

రెండోసారి ఆయన నూనె డబ్బాను పిన్ని చేతికిచ్చి దాచేయమన్నారు. బొమ్మలకు రంగులు వేసే సన్న కుంచె తెచ్చారు. గట్టి గ్రీజును ఆ కుంచెతో స్ప్రింగు కొసలకూ కాడ జారే అంచులకూ పైపైన పూశారు. బొడిపెకు తగలనిచ్చేవారు కాదు. నేను కుంచె తీసుకుంటే నా చెయ్యి పట్టి ఆపేవారు. "గట్టుకు పూస్తే గట్టే కొట్టుకుపోద్ది. వేలికి దారి తెలీదు" అనేవారు. ఒక్కొక్కటీ బిగించి, గడ్డానికి ఆనించుకుని, మూలుగు లేదని తేల్చుకున్నాకే పక్కన పెట్టేవారు. నాలుగు రోజులు పట్టింది.

ఆ కీబోర్డు మీద మొదటి రోజు పాప పక్కన కూర్చుని మూడు రిపోర్టులు పూర్తిచేశాను. పాప కదల్లేదు. ఒక్క సున్నా తప్పిపోలేదు. ఆ పని నాకు ఈ రోజుకీ ఉంది. మా ఇంట్లో చాలా ఖర్చులు ఆ పనితోనే జరుగుతున్నాయి. ఈ సంగతి ఆయనతో చెబితే, "నాదేముంది, నీ వేళ్లు మంచియ్యి" అనేవారు. మంచి వేళ్లు ఆయన తయారుచేసినవే.

ఆయన మంచాన పడ్డాక ఒక మధ్యాహ్నం, మందులకు పోవాలి, కాసేపు కూర్చుంటావా అని పిన్ని అడిగింది. ఫైళ్లు ఉన్నాయి కాబట్టి ల్యాప్‌టాప్, కీబోర్డు, మూడేళ్ల పాప, అన్నిటినీ వెంటేసుకుపోయాను. మంచానికి ఆనించి బల్ల వేసుకున్నాను. పాప చాప మీద పడుకుంది. నేను టైప్ చేస్తుంటే ఆయన కళ్లు తెరిచి, చెయ్యి మెల్లగా చాపి అరచేతిని బల్ల మీద పెట్టారు. నా వేళ్లు ఆయనకు చెక్కలోంచి అందుతున్నాయి. "పడతా ఉండాయి" అని కళ్లు మూసుకున్నారు.

కాసేపటికి రిపోర్టులన్నీ అయిపోయాయి, పంపేశాను. చేతులు ఆపగానే ఆయన కళ్లు తెరిచి నా వేళ్ల వంక చూశారు. నేను ఖాళీ పేజీ తెరిచి, ఆయన నాకు నేర్పిన మొదటి పాఠం ఎ ఎస్ డి ఎఫ్ కొట్టడం మొదలుపెట్టాను. ఆయన కళ్లు మళ్లీ మూతపడ్డాయి. పిన్ని మందులు తీసుకుని వచ్చి మమ్మల్ని చూసి గడపలోనే నిలబడిపోయింది. కింద పాప, మంచం మీద ఆయన, ఇద్దరూ నిద్రపోతున్నారు. ఆయన చెయ్యి బల్ల మీద ఉన్నంతసేపూ ఆ నాలుగు అక్షరాలే కొడుతూ కూర్చున్నాను.