గోల లేని డబ్బా

మా ఆయన కొర్నేలి భిలాయి ఉక్కు ప్లాంటులో ఖలాసీగా పనిచేసి రిటైరయ్యారు. ఖలాసీ అంటే ఏదో బరువులు మోసే పని అనుకుంటారు ఇప్పటివాళ్లు. పైన క్రేన్ నడిపేవాడికి కేక వేసి చెబుదామంటే మిల్లు మోతలో వాడికి ఏదీ వినబడదు. కింద నిలబడ్డ ఖలాసీ చేతులు చూసే వాడు ఇనుము ఎత్తాలి, దించాలి. వేలు పైకెత్తి గుండ్రంగా తిప్పితే ఎత్తమని. కిందికి చూపించి తిప్పితే దించమని. పిడికిలి బిగిస్తే ఆపమని.

ఆ మోతే చివరికి ఆయన చెవులు తినేసింది. టీ తాగుతారా అంటే పలకరు గానీ, పిడికిలి చూపిస్తే టీవీ ఆపేస్తారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందని మొదట్లో వేళాకోళం చేసేదాన్ని. ఆ సామెత వాడటం మానేసి చాలా కాలమైంది. డాక్టరు ఇచ్చిన మిషను పెట్టుకుంటే గిన్నెల చప్పుడు తప్ప ఏమీ తెలియడం లేదని దాన్ని సొరుగులో పడేశారు.

ఇంతకీ ఆదివారం మా పేట క్యాంప్ 2 తెలుగు చర్చిలో కరెంటు గిటార్ వాయించేది ఆయనే. డ్రమ్ములవాడి కర్రలు చూసి తాళం పట్టుకుంటారు. పాటలన్నీ ఆయన వేళ్లకి కంఠతా వచ్చు. ఆయనకి వినబడదని నాకు తెలుసు. ఆయనకీ తెలుసు, ఒప్పుకోరు. చర్చిలో మాత్రం ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆ గిటార్ స్టూలు మీంచి దింపేస్తారని ఆయన భయం. ఆ గిటార్ కూడా పోతే ఆయనకి మిగిలేది నేనూ, టీవీలో కదిలే మూతులూ.

గిటార్‌కీ, సౌండు బయటికొచ్చే యాంప్‌కీ మధ్య కాలితో నొక్కే పెడల్ డబ్బాలు రెండున్నాయి ఆయనకి. ఒకటి నొక్కితే తీగ గరగరలాడుతుంది, ఇంకోటి నొక్కితే కొండల్లో కేకేసినట్టు మారుమోగుతుంది. పాతకాలం సరుకు, అనలాగ్ అంటారు. ఏ నాబ్ ఎంత తిప్పాలో నా గోళ్ల రంగుతో వాటి మీద చుక్కలు పెట్టాను. ఇక చెవితో పనేముంది, చుక్క చూసి తిప్పుకుంటారు. పైగా వాటికి గుయ్యిమని ఒక రొద ఉంది. డబ్బా నొక్కి కాలు దాని మీదే ఆనించి ఉంచితే ఆ రొద ఆయన అరికాలికి తగులుతుంది. తగిలిందంటే డబ్బా పనిచేస్తున్నట్టు.

మొన్నొక ఆదివారం అంతా చెడింది. మా చర్చిలో పాటలు నడిపించేది ఇమ్మాను, చరోదా రైల్వే యార్డులో ఉద్యోగం. పల్లవి ఇంకోసారి అందుకోమని వేలు పైకెత్తి తిప్పాడు. మా ఆయన ఖలాసీ బుర్రకి అది ఎత్తమన్నట్టు కనిపించింది. యాంప్ సౌండు పెంచారు. ఇదేంట్రా అని ఇమ్మాను మళ్లీ తిప్పాడు, ఈయన మళ్లీ పెంచారు. పిల్లలు చెవులు మూసుకున్నారు. ముందు వరస ముసలమ్మలు లేచి వెనక్కి వెళ్లిపోయారు.

ఇమ్మాను మంచివాడు, తప్పు మనిషి మీద పెట్టలేదు. "అంకుల్, మీరేటి సేత్తారు, ఆ పాత డబ్బాలే ఖరాబైపోయేయి. డిజిటల్‌ది తీసేసుకుందాం. ఒక్క పెట్టెలో అన్నీ ఉంటాయి, సెట్టింగ్ అంతా నేనే ఫోన్ నుంచి చేసేస్తాను. ఈ రొద, షోర్, బిల్కుల్ ఉండదు."

ఇంటికొచ్చాక ఆ ముక్క కాగితం మీద రాసి చూపించాను. మనిషి భగ్గుమన్నారు.

"ఆ పెట్టికి సుక్కలెక్కడ పెడతావే? అన్నీ అద్దంలో అచ్చరాలు. ఆడు ఫోన్లో ఏటి మార్సేడో నాకేటి తెలుస్తాది?"

"మరి ఇనబడదని సెప్పీండి," అన్నాను చెవి చూపించి, చెయ్యి తిప్పి.

"సెప్పి, ఇంట్లో కూకోమంటావా?"

నేను ఆ కాగితం చింపి పొయ్యిలో పడేశాను.

చర్చిలో మాత్రం సలహాలకి కరువు లేదు. అనలాగ్‌లోనే ప్రాణం ఉందని ఒకరు, డిజిటలే సుఖమని ఒకరు వారమంతా వాదించుకున్నారు. ఎద్దు పుండు కాకికి ముద్దా? చివరికి పాస్టరు అయ్యగారు తీర్పు చెప్పారు. శనివారం ప్రాక్టీసుకి ఇమ్మాను ఎవరి దగ్గరన్నా ఆ పెట్టె అడిగి తేవాలి, రెండిటి మీదా ఒకే పాట వాయించి ఏది కావాలో కొర్నేలిగారే తేల్చాలి. న్యాయమైన తీర్పే. ఏం లాభం?

శనివారం ముందు పాత డబ్బాల మీద వాయించారు. రొద ఉంది గానీ పాట నిండుగా ఉంది. తర్వాత ఇమ్మాను వైరు పీకి కొత్త పెట్టెకి కలిపాడు. "దీనికి రొద అస్సలుండదు అంకుల్, ఏక్‌దమ్ సాఫ్," అని ఎదురుగా నిలబడి చెప్పాడు. ఈయన ఆ పెదాలు చూసి తలూపి, పెట్టె నొక్కి, అలవాటు చొప్పున కాలు అలాగే ఆనించి ఉంచారు. అలా నొక్కిపట్టి ఉంచితే ఆ పెట్టె తీగలు శ్రుతి చేసుకునే పద్ధతిలోకి పోతుందట, చప్పుడు బయటికి రానివ్వదట. ఇమ్మాను నాకు తర్వాత చెప్పాడు.

ఈయన కళ్లు మూసుకుని మొదలుపెట్టారు. యాంప్ లోంచి ఏమీ రాలేదు. పల్లవి అయింది, చరణం అందుకున్నారు. హాల్లో ఫ్యాను చప్పుడూ, ఉత్త తీగ మీద గోరు తగిలే టిక్కుటిక్కూ తప్ప ఏమీ లేదు. ఇమ్మాను పెట్టె సరిచేద్దామని పరిగెత్తాడు. సగం దూరంలో ఆయన మొహం చూసి ఆగిపోయాడు. అతనికి అర్థమైపోయింది. అందరికీ అర్థమైపోయింది. నేను లేచి నిలబడి పిడికిలి బిగించి పైకెత్తాను. కళ్లు మూసుకున్న మనిషికి పిడికిలి ఏం కనబడుతుంది?

పాట ముగించి కళ్లు తెరిచారు.

"ఎంత సాఫ్‌గా ఉందిరా ఇమ్మానూ. గోలే నేదు. నానే ఉత్తినే మొండికేసేను. ఇదే పెట్టీరా."

"జీ అంకుల్," అన్నాడు ఇమ్మాను, నేల చూస్తూ. అయ్యగారు బైబిలు తెరిచి, మళ్లీ మూశారు.

క్యాంప్ 2 కుళాయి దగ్గర నా నోటికి ఎదురొచ్చే ఆడది లేదు. ఆ నోరు ఇక్కడ ఎందుకు పనికొస్తుంది, ఆయన చూసేది నా చేతినే.

"ఎలాగుంది విమలా?" అన్నారు నా వైపు తిరిగి. ఆ మొహం అంత తేలిగ్గా ఉండగా చూసి ఎన్నాళ్లయిందో. చెబితే ఇప్పుడే ఆ స్టూలు పోతుంది. చెప్పకపోతే రేపు ఊరందరి ముందూ ఇలాగే వాయిస్తారు. నేనేం చెయ్యను ప్రభువా అనుకున్నాను. ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంది. బిగించిన పిడికిలి మాత్రం నిలవలేదు. వేలు విడివడి, దానంతటది గుండ్రంగా తిరిగింది.

ఎత్తమన్నాననుకున్నారో, ఇంకోసారి అన్నాననుకున్నారో. నవ్వి, పెట్టె మీంచి కాలు తియ్యకుండానే యాంప్ నాబ్ చివరిదాకా తిప్పి, కళ్లు మూసుకుని పల్లవి మళ్లీ అందుకున్నారు.