గోడ మీద తాళంచెవి

గురమ్మ చెయ్యి పెద్దది. ఈ మాట పేటలో ఎవరినడిగినా చెబుతారు. ఆ చేతి తిండి తిన్నవాళ్లే గనుక కాదనడానికి నోరు రాదు. కళింగపట్నం దాటాక ఇసుక దిబ్బల వెనక ఉంటుంది ఆ పేట. పడవ ఒడ్డుకొచ్చిందంటే గిన్నె పట్టుకొచ్చిన వాళ్లందరికీ కూరకి నాలుగు చేపలు వెయ్యడం అక్కడ తాతలనాటి ఆచారం. మిగతావాళ్లు మూలుగుతూ వేస్తే గురమ్మ పిలిచి మరీ వేసేది. కూర చేపకి లెక్క చూస్తే గంగమ్మ తల్లి కూడా మనకి లెక్క చూస్తుందని ఆవిడ నమ్మకం.

అలాంటి మనిషి ఇంటికి వైఫై వచ్చింది. ఇంకేముంది!

ఆవిడ మొగుడు నూకయ్య ఏడాదిలో ఎక్కువ భాగం గుజరాత్‌లో, వేరావల్ బోట్ల మీద ఉంటాడు. బోటు రేవుకొచ్చినప్పుడైనా మనిషి మొహం చూసి మాట్లాడాలన్నది గురమ్మ కోరిక. ఆ దిబ్బల మధ్య సెల్లు సిగ్నలేమో ఉన్నట్టే ఉండి పోతుంది. అందుకని కొడుకు ధర్మేంద్ర చేత తీగ లాగించి, తెల్లటి వైఫై పెట్టె ఒకటి గోడకి కొట్టించింది. మర్నాటి నుంచే ఇరుగూ పొరుగూ పాస్‌వర్డ్ అడగడం మొదలెట్టారు. మాటిమాటికీ అడగాలంటే వాళ్లకి నామోషీ, చేపల గంపతో హడావిడిగా ఉన్నప్పుడు చెప్పాలంటే తనకి విసుగు. దాంతో ఆవిడ ఓ పని చేసింది. వీధి గుమ్మం పక్కన, దోమల మందు కొట్టినవాళ్లు వేసిన గుర్తు కింద, పడవకి వెయ్యగా మిగిలిన నీలం రంగుతో కొడుకు చేత పెద్ద పెద్ద అక్షరాలు రాయించింది. నూకయ్య పేరు, పక్కన ఒకటీ రెండూ మూడూ. తాళం కొని, తాళంచెవి వీధిలో మేకుకి తగిలించినట్టయింది.

ధర్మేంద్ర శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాడు, రోజూ బస్సులో వెళ్లొస్తాడు. గోడ మీదది చెరిపేద్దామని తల్లికి చాలాసార్లు చెప్పాడు. అంతకంటే ముఖ్యం, పెట్టె లోపల ఇంకో పాస్‌వర్డ్ ఉంటుందనీ, ఆ రకం పెట్టెలన్నింటికీ ఫ్యాక్టరీలో ఒకటే వేసి పంపుతారనీ, దాన్ని మార్చాలనీ, పెట్టె అప్‌డేట్ కూడా అడుగుతోందనీ చెప్పాడు. గురమ్మ వింటేనా! మారుస్తూ మారుస్తూ ఆ పెట్టె కాస్తా ఆగిపోతే, సరిగ్గా అప్పుడే నూకయ్య ఫోను వస్తే? పేటవాళ్లొచ్చి తాళం ఎందుకు మార్చావని అడిగితే ఏ మొహం పెట్టుకోవాలి?

"నలుగురూ వాడుకుంటే అరిగిపోద్దేటిరా?" అంది. ధర్మేంద్ర ఇక ఆ ఊసు ఎత్తలేదు.

పక్కిల్లు బుల్లమ్మది. చుట్టరికం లేకపోయినా గురమ్మని "అప్పా" అని పిలుస్తుంది. ఇద్దరి గంపలూ ఒకే ఆటోలో శ్రీకాకుళం మార్కెట్టుకి వెళ్తాయి, ఇద్దరూ ఒకే ఆకులో టిఫిను తింటారు. బుల్లమ్మ కూతురు భారతి హాస్టల్లో ఉండి నర్సింగు చదువుతోంది. ధర్మేంద్రని అన్నా అంటుంది, ఇంటికొచ్చినప్పుడల్లా గురమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని ఆ వైఫైతోనే పాఠాలు చూసుకుంటుంది.

ఆ భారతికి వచ్చింది కష్టం. ఎవడో దరిద్రుడు ఆ పిల్ల పేరుతో, ఆ పిల్ల ఫొటోతో అకౌంటు తెరిచాడు. మొహం భారతిది, ఒళ్లు ఇంకెవరిదో. చెప్పుకోలేని బొమ్మలు తయారుచేసి ఆమె తరగతిలో వాళ్లందరికీ పంపించాడు. భారతి హాస్టల్ స్నేహితురాలి ఒళ్లో తలపెట్టుకుని ఏడ్చి, చివరికి తనే ధైర్యం తెచ్చుకుని పోలీసులకి ఫిర్యాదు ఇచ్చింది. వాళ్లు ఆరా తీశారు. ఆ బొమ్మలు వెళ్లిన దారి తిన్నగా గురమ్మ ఇంటికి తీసుకొచ్చింది.

జీపు ఆగగానే పేటంతా పోగైంది. నెట్టు ఎవరి పేరున ఉందని ఎస్సై అడిగితే, నాదే బాబూ అని గురమ్మ గొప్పగానే చెప్పింది. ఎవరెవరు వాడతారంటే, పేటంతా అంది. ఎస్సై గోడ మీది నీలం అక్షరాలు చూసి, తల పట్టుకుని, ఫొటో తీసుకున్నాడు. పేటంతా అంటే ఎవరిని పట్టుకోవాలి? ఇంట్లో వయసు కుర్రాడు, కంప్యూటర్ తెలిసినవాడు ఒకడున్నాడు. గోడకున్న పెట్టె ఊడదీసుకున్నారు. ధర్మేంద్రని ఫోను ఇమ్మన్నారు, ఇచ్చాడు. నాను కాదు సార్ అన్నాడు.

జనంలో బుల్లమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. ఆ చూపు గురమ్మ తట్టుకోలేకపోయింది. విషయం విన్నప్పటి నుంచి వీడేనేమోనన్న భయం లోలోపల ఉండనే ఉంది. కొడుకు రెండు చేతులూ పట్టుకుంది.

"ధర్మా, తెలీక సేసుంటే ఒప్పేసుకో నాయినా. నాను అందరి కాళ్లూ అట్టుకుంటాను."

ధర్మేంద్ర తల్లి మొహంలోకి చూశాడు. "అమ్మా, నాను కాదు" అన్నాడు. చేతులు విడిపించుకుని జీపెక్కాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమని ఊరికే అన్నారా? గురమ్మ బతిమాలిందేమో బిడ్డని కాపాడుకోవాలని. పేట మాత్రం దాన్ని సాక్ష్యం కింద పట్టుకుంది. కన్నతల్లే అన్నాది, ఇంకేటి కావాలని ఆ నోటా ఈ నోటా పాకింది. పోలీసులు సాయంత్రానికి కుర్రాణ్ణి వదిలేశారు గానీ పేట వదల్లేదు. బస్సులో వాడి పక్క సీటు ఖాళీగా ఉండేది. కాలేజీలో నవ్వులు. స్టేషనుకి రమ్మన్నప్పుడల్లా వెళ్లి కూర్చుని రావడం. కొన్నాళ్లకి వాడు కాలేజీ మానేశాడు. బుల్లమ్మ వేరే ఆటో ఎక్కింది. ఇక మిగతావాళ్ల సంగతి చెప్పాలంటే నాకు ఒళ్లు మండుతుంది. నిన్నటిదాకా ఆ అరుగు మీద చతికిలబడి సినిమాలు చూసినవాళ్లు, మాకు ఆ నెట్టు ముక్క కూడా తెలీదని ఒట్లు పెట్టుకున్నారు. గురమ్మ కూర చేప తిన్న నోళ్లే అవన్నీ.

ఇంట్లో ధర్మేంద్ర అరవలేదు, అలగలేదు. పెట్టింది తిని, చెప్పిన పని చేసి, వెళ్లి వలలు బాగుచేసుకునేవాడు. వాడు ఒక్క తిట్టు తిట్టినా బాగుండునని గురమ్మ కుమిలిపోయింది.

చివరికి శ్రీకాకుళం నుంచి కబురొచ్చింది. పోలీసుల తరఫున పెట్టెని, ఫోన్లని పరీక్ష చేసిన సుహాసిని అనే అమ్మాయి తల్లీకొడుకుల్ని కూర్చోబెట్టి విడమర్చి చెప్పింది. ఆ పెట్టె లోపలి పాస్‌వర్డ్ ఫ్యాక్టరీలో వేసిందే ఉండిపోయింది, అప్‌డేట్ ఒక్కసారీ చెయ్యలేదు. అలాంటి పెట్టెల కోసం వెతుక్కునే దొంగలుంటారు. వేరే రాష్ట్రంలో కూర్చున్న ఒకడు అందులోకి దూరాడు. భారతి తన అకౌంటు తెరవబోతే, అచ్చం అలాగే ఉండే దొంగ పేజీ చూపించాడు. పాపం ఆ పిల్ల అసలుదే అనుకుని పాస్‌వర్డ్ కొట్టింది. ఫొటోలన్నీ వాడి చేతికి పోయాయి. ఆపైన తను దొరక్కుండా ఆ పెట్టె మీదుగానే బొమ్మలు పంపాడు. ఇంటికి ముందు తలుపు బార్లా తెరవడమే కాకుండా దొడ్డి తలుపుకి గడియే పెట్టలేదన్నమాట. గురమ్మకి తెలిసిందల్లా ముందు తలుపే.

"ఐతే మా పేటోళ్లు కాదా తల్లీ?" అని అడిగింది.

"కాదమ్మా. మీ అబ్బాయీ కాదు."

గురమ్మకి ఏడుపు తన్నుకొచ్చింది. సుహాసిని ఆగి, పెట్టె పాస్‌వర్డ్ మార్చాలనీ, అప్‌డేట్ చెయ్యాలనీ ఇంట్లో ఎవరికీ తెలీదా అని అడిగింది. ధర్మేంద్ర ఇప్పుడు చెప్పేస్తాడని గురమ్మ తల దించుకుంది. చెప్పాలి కూడా, వాడి తప్పేముంది!

"తెలీదు మేడం" అన్నాడు ధర్మేంద్ర.

ఇంటికొచ్చి గురమ్మ కొబ్బరి పీచు, ఇసక పట్టుకుని గోడ మీద పడింది. పడవ రంగు అంత తేలిగ్గా పోతుందా? అక్షరాలు చెదిరాయి గానీ నీలం మరక మిగిలిపోయింది. ఆ రాపిడి వినే బుల్లమ్మ భారతిని వెంటబెట్టుకుని వచ్చింది. పోలీసులు వాళ్లకీ కబురు చెప్పారట. భారతి అరుగు మీద, తన పాత చోటులోనే కూర్చుంది.

"అన్న సేయలేదని నాకు తెలుసు పెద్దమ్మా. ఆ రోజే అమ్మకి సెప్పాను."

"సెప్పింది అప్పా, అబద్ధమెందుకు" అంది బుల్లమ్మ కళ్లు తుడుచుకుంటూ. "నాను కూడా నమ్మీదాన్నే. నువ్వే అలాగ అనీసరికి ఇంకేటనుకోను?"

అన్యాయమైపోయిన పిల్ల అనుమానపడలేదు. మోసి కన్నది అనుమానపడింది. ఆ మాట ఆవిడ గుండెలో ముల్లులా దిగిపోయింది.

ధర్మేంద్ర కొత్త పెట్టె బిగించి, లోపలి పాస్‌వర్డ్ మార్చాడు, అప్‌డేట్ పెట్టాడు, వైఫైకి కొత్త పాస్‌వర్డ్ వేశాడు. ఇంటికొచ్చినవాళ్లకి విడిగా ఇంకో లైను పెట్టాడు. అంతా అయ్యేసరికి సెల్లులో నూకయ్య పిలిచాడు. మాట తెగిపోతూ వస్తోంది, మొహం చూపించమంటున్నాడు. గురమ్మ ఫోను పట్టుకుని కొత్త పాస్‌వర్డ్ ఏటి నాయినా అని అడిగింది. ధర్మేంద్ర తలెత్తకుండా వైర్లు చుట్టుకుంటూ ఒక్కో ఇంగ్లీషు అక్షరం చెప్పాడు. గురమ్మ ఐదో తరగతి చదువుతో ఒక్కొక్కటే వెతికి నొక్కింది. చివర ఏవేవో అంకెలు, గుర్తులు కూడా చెప్పాడు. అన్నీ సరిగ్గా పడ్డాయో లేదోనని ఆవిడ మొదటి నుంచి వేలు పెట్టి కూడబలుక్కుంది.

నాను కాదు.

నెట్టు కలిసింది. తెర మీద నూకయ్య మొహం వచ్చింది, వెనక బోట్లు. మాట వినబడతన్నాదేటే, ఎందుకు ఏడస్తన్నావు, ఏటయిందని అడుగుతున్నాడు. పక్కన ధర్మేంద్ర వైర్లు చుట్టుకుంటూనే ఉన్నాడు.