నాలుగు చెవుల మిషన్

మా నాయనను ఎమ్మారై మిషన్‌లో పడుకోబెట్టి, నా పరువు నేనే నిలువునా తీసుకున్న కథ ఇది. కడుపుబ్బా నవ్వుకోండి. నా ఆలోచన తప్పని మాత్రం అన్నారో, ఊరుకునేది లేదు!

ఎనభైల చివర్లో బెంగళూరులో ఒక ల్యాబ్‌లో కొత్తగా చేరాను. అక్కడి మిషన్‌కు ఒకే కాయిల్, అంటే చెవిలా పనిచేసే రాగి చుట్ట. ఒంట్లోంచి వచ్చే సన్నటి సిగ్నల్‌ను అదొక్కటే మళ్ళీ మళ్ళీ విని బొమ్మ గీసేసరికి, నడుం నొప్పి లేనివాడికి కూడా పడుకుని పడుకుని నడుం పట్టుకునేది. నలుగురితో నారాయణ అన్నట్టు, నాలుగు చిన్న కాయిళ్ళు పక్కపక్కన పెడితే పని తొందరగా తెమిలిపోతుందని వాదించాను. మా ల్యాబ్ పెద్దసారు, చేసి చూపించమని ఒక్క ఆదివారం ఇచ్చారు.

బెంగళూరుకు దగ్గర్లోని మా ఊరు చింతామణిలో మాది రాగి పాత్రల అంగడి. కాయిళ్ళకు అక్కడే రేకు కత్తిరిస్తుంటే నాయన కంటబడ్డాను.

"ఏం చేస్తాండావురా? బిందెకు తెచ్చిన రేకు అది!"

"మనిషి లోపల చూసే మిషన్‌కు నాయనా."

"అట్లనా? అయితే నా నడుం కాడ ఏముండాదో చూపిచ్చు. కనపడితే నీ దోవ నీది. లేదా, సోమవారం నుంచి వచ్చి గల్లాపెట్టె కాడ కూకో."

నాకు రోషం పొడుచుకొచ్చింది. సరేనన్నాను.

ఆదివారం ల్యాబ్‌లో నాయనను నిలబెట్టి, "ఇనుము, బంగారం, వెండి ఏదీ ఒంటిమీద ఉండకూడదు" అన్నాను. వాచీ, ఉంగరం, చెవిపోగులు తీసిచ్చాడు.

"ఇంకేమన్నా ఉండాదా?"

"ఇంకేముంటాదిరా! బోడిగా నిలబడిండాను."

నడుం కింద నాలుగు కాయిళ్ళు పరిచి పడుకోబెట్టాం. బొమ్మ వచ్చింది. వెన్నెముక ఉండాల్సిన చోట మాడిన దోసె ఉంది.

"ఏనప్పా," అన్నారు పెద్దసారు కన్నడంలో మొదలుపెట్టి, "నాలుగు చెవులున్నా చెవిటివాడి ముందు శంఖమేనా?"

"కాయిళ్ళ తప్పు కాదు సార్, మా నాయన కదిలాడు!"

"ఎవుర్రా కదిలింది? పీనుగ మాదిరి పండుకోనుంటే!"

"అయితే నేనే పడుకుంటా, చూడండి!" అని వాచీ విసిరేసి ఎక్కాను. మళ్ళీ అదే చోట అదే దోసె.

సారు వచ్చి నా నడుం తడిమారు. "ఇదేమిటి?"

"మొలతాడు సార్."

"వెండిదా?"

"మరి? మా నాయనదీ వెండిదే."

"వెండి తీయమని చెప్పింది నువ్వే కదయ్యా! నడుం చుట్టూ రింగులా ఉంది, అదే ఐదో కాయిలై నీ నాలుగింటినీ చెడగొట్టింది."

నాయనకు కోపం నషాళానికి అంటింది. "మొలతాడు మనిషి పోయినాక తీసేది! బతికుండంగా యాడన్నా తీస్తారా సామీ?"

సిగ్గులేకుండా నేనూ నాయన పక్షమే. "అవును సార్, అది నగ కాదు!"

చివరికి నేను నల్లదారం ఒకటి కట్టుకుని, వెండిది విప్పి, మళ్ళీ పడుకున్నాను. ముందు పట్టే టైములో సగం కూడా పట్టలేదు, వెన్నెముక పూసపూసా కనిపించింది. సారు బొమ్మ దగ్గరికి వంగి పూసలు లెక్కపెట్టుకున్నారు.

నాయన మాత్రం తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "కనపడింది నీ నడుం. నాది కాదు. రేపు అంగడికి రా."

"నీ నడుం కాడ ఏముండాదో చూపీమంటివి. మొలతాడు ఉండాది. మొదటి బొమ్మలోనే దోసె మాదిరి చూపిస్తి కదా!"

నాయన నన్ను పైకీ కిందికీ చూశాడు. "ఇంత నోరున్నోడు అంగట్లో ఉంటే గిరాకీ అంతా పారిపోతాది. నువ్వు ఈడ్నే ఉండు" అని బస్సెక్కాడు.

ఆనాడే ప్రమాణం చేశాను. ప్రాణం పోయినా సరే, మొలతాడు అడగకుండా ఏ మగాడినీ మిషన్ ఎక్కించను. కాయిళ్ళు మాత్రం ఒకటి కూడా తగ్గించను!