ఆటోనగర్‌లో ఆగిపోయిన నా ప్రోటీన్ల జోడీ

ఒకే రకం ప్రోటీన్లు రెండు ఎలా జతకడతాయన్నది నా పరిశోధన. మూడేళ్ల ఆ పనిని రేపు పీహెచ్‌డీ కమిటీకి చూపించాలి. ప్లాస్టిక్‌తో చేయించిన రెండు నమూనాలను కలిపి పిన్ను వేయిద్దామని సాయంత్రం ఆటోనగర్‌లో లేత్ పని చేసే మస్తాన్ గారి దగ్గరికి వెళ్లాను.

ఆయన వాటిని తిప్పి తిప్పి చూశారు.

"ఇవి ఇట్టాగే కలుస్తాయని మీకెట్టా తెలుసమ్మా?"

"స్ఫటికంలో ఇలాగే ఆనుకుని ఉన్నాయండీ. స్ఫటికమంటే లక్షల ప్రోటీన్లు వరసగా సర్దుకుని గట్టిపడిన ముక్క."

"మా సామాన్ల పెట్టెలో విడి గేర్లు కూడా ఆనుకునే ఉంటాయమ్మా. అంతమాత్రాన జోడీ అయిపోతాయా? బండిలో ఏది దేంతో తిరుగుతుందో చూడాలి గానీ."

మూడేళ్లలో కమిటీ అడగని ప్రశ్న ఆయన డ్రిల్లు పట్టుకుని అడిగారు.

పిన్ను వేయించకుండానే వచ్చేశాను. స్ఫటికంలో కాకుండా, ఒంట్లో ఉన్నట్టు నీళ్లలో ఉన్నప్పుడు కూడా ఆ ప్రోటీన్లు జతగానే ఉంటాయా అని తేల్చే పరీక్ష ఒకటుంది. తర్వాత చేద్దాంలే అని వాయిదా వేస్తూ వచ్చింది నేనే. ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ మా గైడ్ నంబరు తీయడం, ఫోన్ పక్కన పెట్టేయడం, ఇదే పని.

రేపు ఆ రెండు ముక్కలనూ కలిపి పట్టుకోనా, విడివిడిగా బల్ల మీద పెట్టనా? మీరైతే ఏం చేస్తారు?