వేలు పెట్టి చదివిన పిల్ల

మా బడిలో చదవడమంటే నేను ముందు ఒక వాక్యం చదవడం, పిల్లలంతా నా వెనక అనడం. జగిత్యాల జిల్లా ఇబ్రహీంపట్నం దగ్గరి ఊళ్ళో ఏళ్ళ తరబడి తెలుగు ఇలాగే చెప్పాను, గొప్పగా చెబుతున్నాననే అనుకున్నాను. ఆ పిల్ల మూడో తరగతిలో నా దగ్గరికి వచ్చింది. తండ్రి దుబాయిలో ఉండేవాడు, తల్లి ఇంట్లో బీడీలు చుట్టేది. లేపి చదవమంటే వరుస కింద వేలు పెట్టి గడగడా చదివేది. రాత మాత్రం కోడి గెలికినట్టుండేది. బద్ధకమనుకున్నాను. ఐదో తరగతి దాకా మూడేళ్ళూ బడి రికార్డులో ఆమె పేరుకెదురుగా 'ధారాళంగా చదువుతుంది' అని నేనే రాశాను.

ఆరో తరగతిలో ఒకరోజు ఆమె చదువుతుండగా ఫ్యాను గాలికి పేజీ తిరిగిపోయింది. ఆమె ఆగలేదు. నోరు పాత పేజీలోని పాఠమే చెబుతోంది, వేలు కొత్త పేజీలోని ఆవు బొమ్మ మీద నడుస్తోంది. పిల్లలు పకపకా నవ్వారు. పక్కకు పిలిచి 'ఇల్లు' అనే మాట చూపించి చదవమన్నాను.

"మీరు చెప్పంగ ఇంటె వస్తది మేడం, సూస్తె వస్తలేదు," అంది.

రోజూ బడి అయ్యాక గంటసేపు కూర్చోబెట్టాను. అట్టముక్కలతో అక్షరాలు కోసిచ్చాను, ఇసుకలో రాయించాను. సోమవారం నేర్చిన అక్షరం బుధవారానికి ఉండేది కాదు. ఒకసారి విసుగెత్తి అరిచాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అక్షరాలు పట్టుబడని పిల్లలను పరీక్షించే క్యాంపు జగిత్యాలలో పెడితే తల్లినీ పిల్లనూ తీసుకెళ్ళాను. చదవడంలో లోపం ఉందని సర్టిఫికెట్ వస్తే పరీక్షలో ప్రశ్నలు చదివిపెట్టి, ఆమె చెప్పింది రాసే మనిషిని ఇస్తారు. పదో తరగతి గట్టెక్కుతుందని నా ఆశ. అక్కడ కూర్చున్నాయన రికార్డు తిరగేశాడు.

"మూడేండ్లు మంచిగ చదువుతదని రాసిండ్రు గదా మేడం, ఇప్పుడు రాదంటె ఎట్ల?"

తప్పు నాదేనన్నాను, రాసిస్తానన్నాను. వచ్చే క్యాంపులో చూద్దామన్నాడు. ఏడాది దాటినా ఇంకో క్యాంపు పెట్టలేదు.

ఏడో తరగతి అయ్యాక పిల్లను కోరుట్లలో తన చెల్లెలి దగ్గరికి కుట్టుపనికి పంపుతానంది తల్లి. "ఇగ సాలు మేడం, దాన్ని సతాయించకుర్రి." బతిమాలాను. వినలేదు. ఏ ముఖం పెట్టుకుని ఇంకా అడగను?

టీసీ కోసం వచ్చిన రోజు పిల్ల నా బల్ల దగ్గర నిలబడి మెల్లగా అడిగింది. "ఇగ నన్ను ఎవ్వలు చదువుమనరు గద మేడం?"

అనరన్నాను. నవ్వింది. ఐదేళ్ళలో ఆ పిల్ల అంత హాయిగా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.